ల్యాప్‌టాప్‌లో నడిచి లైవ్‌లో ఆగిపోయే ప్రోగ్రామ్: తేడా పట్టుకోవడం ఎలా

భీమవరంలోనో అమలాపురంలోనో కూర్చుని రొయ్యల వ్యాపారులకు, రైసు మిల్లులకు, కొబ్బరి కొట్లకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేవాళ్లకు ఈ ఫోన్ కొత్త కాదు. నిన్న డెమోలో చక్కగా నడిచింది, ఇవాళ లైవ్‌లో (వాళ్లు రోజూ వాడే అసలు సర్వర్‌లో) పెట్టగానే ఆగిపోయింది. అప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "మా సిస్టమ్‌లో బాగానే ఉందండి". వినేవాళ్లకు అది తప్పించుకునే మాటలా ఉంటుంది గానీ, అసలు ఆధారం అందులోనే ఉంది. ఒకే కోడ్ ఒకచోట నడిచి ఇంకోచోట నడవలేదంటే, వెతకాల్సింది ఆ రెండు చోట్లకీ ఉన్న తేడాని. అది తెలియకముందే కోడ్ కెలకడం మొదలుపెడితే, ఏది అసలు సమస్యో ఏది మనం కొత్తగా తెచ్చిపెట్టిందో తెలియకుండా పోతుంది.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ప్రోగ్రామ్ అనుకుందాం. వనామీ రొయ్యలు కొనే వ్యాపారి కోసం రాసింది. చెరువు దగ్గర కాటా వేసిన బరువు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), రైతు పేరు కొడితే బిల్లు పీడీఎఫ్‌గా వస్తుంది. మీరు రాసింది విండోస్ ల్యాప్‌టాప్‌లో. అది నడిచేది ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న లినక్స్ క్లౌడ్ సర్వర్‌లో. వాడేది చెరువుగట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డ గుమస్తా.

1. ముందు వాళ్ల పని నడవనివ్వండి

రొయ్యల పట్టుబడి మధ్యలో ఉంది, ఐసు వేసిన వ్యాను గట్టు మీద ఆగి ఉంది. ఆ టైములో మీ పరిశోధన ఎవరికీ అక్కర్లేదు. పాత వెర్షన్ వెనక్కి పెట్టేయండి. అదీ కుదరకపోతే, ఈ పూటకి బిల్లు బుక్కులో రాసుకోమని మొహమాటం లేకుండా చెప్పండి. సాయంత్రం మీరే కూర్చుని ఎక్కించవచ్చు.

అయితే వెనక్కి పెట్టే ముందు రెండు నిమిషాలు ఆగండి. లాగ్ ఫైళ్లు (ప్రోగ్రామ్ ఎప్పుడేం చేసిందో రాసుకునే చిట్టా) వేరే చోటికి కాపీ చేసుకోండి. ఏ వెర్షన్ నడుస్తోందో, డిస్కు, మెమరీ ఎంత ఖాళీ ఉన్నాయో రాసుకోండి. రీస్టార్ట్ కొట్టగానే చాలా ఆధారాలు తుడిచిపెట్టుకుపోతాయి. కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలో) నడిచేవైతే, పాత కంటైనర్ తీసేస్తే దాని లాగ్ కూడా దాంతోపాటే పోతుంది. కొత్త వెర్షన్ డేటాబేస్‌లో టేబుళ్లను మార్చి ఉంటే, పాత కోడ్ ఆ కొత్త టేబుళ్లతో నడుస్తుందో లేదో చూసుకున్నాకే వెనక్కి వెళ్లండి. లేకపోతే ఒక సమస్య రెండవుతుంది.

లైవ్ సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే ఫైల్ తెరిచి ఒక లైను మార్చి చూడటం మాత్రం చేయవద్దు. ఆ లైను గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచుకునే చోట) ఉండదు, తర్వాతి డిప్లాయ్‌లో, అంటే కొత్త కోడ్ సర్వర్‌కి ఎక్కించినప్పుడు, ఎగిరిపోతుంది. అదే సమస్య మళ్లీ వచ్చినప్పుడు, అప్పుడెలా బాగయిందో ఎవరికీ గుర్తుండదు.

2. "పనిచేయట్లేదు" అంటే ఏమిటో అడగండి

ఫోన్‌లో సరైన ప్రశ్న అడిగితే సగం పని అక్కడే అయిపోతుంది.

"సార్, బిల్లు రావట్లేదండి."

"ఎవరికీ రావట్లేదా, కొంతమందికేనా?"

"ఉండండి చూస్తాను... ఇంగ్లీషులో పేరు కొట్టినవి వస్తున్నాయండి. తెలుగులో కొట్టినవే రావట్లేదు."

ఇక సర్వర్ పడిపోయిందా, నెట్ లేదా అని వెతకక్కర్లేదు. తెలుగు అక్షరాలు దాటే దారిలో ఎక్కడో అడ్డుంది. ఇలాగే అడగండి: అందరికీనా, ఒక్క ఫోన్‌లోనేనా? అన్ని బిల్లులకా, ఫోటో పెట్టినవాటికేనా? సరిగ్గా ఎన్ని గంటలకు? స్క్రీన్ మీద ఏముందో స్క్రీన్‌షాట్ పంపించమనండి. నోటితో చెప్పేది "ఏదో ఎర్రర్ అండి" దగ్గరే ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి. లైవ్‌లో ఇది ఎప్పుడైనా నడిచిందా, లేక మొదటి నుంచీ నడవలేదా? మొదటి నుంచీ నడవలేదంటే రెండు మెషీన్ల మధ్య తేడా చూడాలి. నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిందంటే ఏదో మారి ఉండాలి, నిండి ఉండాలి, లేదా గడువు తీరి ఉండాలి. డిస్కు నిండిపోవడం, పాస్‌వర్డ్ మారడం, సైటుకి భద్రత ఇచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ గడువు అయిపోవడం ఈ రెండో కోవలోవి. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మహా అయితే 90 రోజులే ఉంటుంది. దాన్ని పొడిగించే ఆటోమేటిక్ పని చడీచప్పుడు లేకుండా ఆగిపోతే, ఏమీ ముట్టుకోకుండానే ఒక రోజు సైటు తెరుచుకోదు.

3. లాగ్ చదవండి, టైము సరిచూసుకుని

గుమస్తా ఉదయం 6:10కి ఆగిపోయిందని చెప్తాడు. మీరు లాగ్‌లో 6:10 దగ్గర చూస్తే ఏమీ కనపడదు. క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. చూడాల్సింది 00:40 దగ్గర.

ఆ టైములో వచ్చిన ఎర్రర్లలో చివరిదాన్ని వదిలేసి మొట్టమొదటిదాన్ని పట్టుకోండి. ఒకటి విరిగాక దాని వెనక ఇంకో ఇరవై విరుగుతాయి. అవన్నీ పరిణామాలే. జావాలో అయితే పొడుగాటి ఎర్రర్‌లో కింద ఉండే ‘కాజ్డ్ బై’ వరకూ వెళ్లండి. పైథాన్‌లో చివరి లైను అసలు ఎర్రర్ ఏదో చెప్తుంది, దాని పైన మీరు రాసిన ఫైల్ పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి.

లాగ్‌లో అసలేమీ లేకపోతే అదీ సమాచారమే. ఫోన్ పంపిన రిక్వెస్ట్ మీ ప్రోగ్రామ్ దాకా రాలేదన్నమాట. లేదా లాగ్ రాసే ఫోల్డర్‌లో రాయడానికి దానికి పర్మిషన్ లేదు. ఇంకో అవకాశం ఉంది, ఇది చిరాకు తెప్పించేది. ఎవరో ఎర్రర్‌ను పట్టుకుని ఏమీ చెప్పకుండా మింగేసే కోడ్ రాశారు. అది దొరికితే, ముందు ఆ ఎర్రర్‌ను లాగ్‌లో రాసేలా చేసి ఆ ఒక్క మార్పునే డిప్లాయ్ చేయండి.

4. లాకు లాకు చూసుకుంటూ రండి

శివారు పొలానికి నీళ్లు రాకపోతే ఇక్కడ ఎవరూ పొలంలో నిలబడి ఆలోచించరు. ధవళేశ్వరం నుంచి కాలువ వెంట వస్తూ ఏ లాకు దాకా నీళ్లున్నాయో, ఎక్కడి నుంచి లేవో చూస్తారు. రిక్వెస్ట్‌కీ అదే పద్ధతి. ఫోన్ బ్రౌజర్, డొమైన్ పేరు, ఫైర్‌వాల్ (ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే కాపలా), ఎన్‌జిన్‌ఎక్స్ (రిక్వెస్టులను అందుకుని మీ ప్రోగ్రామ్‌కి అందించే వెబ్ సర్వర్), మీ ప్రోగ్రామ్, డేటాబేస్. ఒక్కో చోట ఆగి ఇక్కడిదాకా వచ్చిందా అని చూడండి.

సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడి నుంచే కర్ల్ అనే కమాండ్‌తో పేజీ అడగండి. లోపల వస్తోంది, బయట నుంచి రావట్లేదంటే ఫైర్‌వాల్‌లో పోర్ట్ (ప్రోగ్రామ్‌కి చేరే నంబరున్న తలుపు) తెరవలేదేమో చూడండి. లేదా మీ ప్రోగ్రామ్ 127.0.0.1 మీద మాత్రమే వింటోంది, అంటే ఆ మెషీన్ లోపలి వాళ్లకే పలుకుతుంది. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లేకుండా నేరుగా నడుపుతుంటే 0.0.0.0 మీద, అంటే బయటివాళ్లకీ పలికేలా, వినేలా మార్చాలి.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే అవతలి మెషీన్ దాకా వెళ్లారు, కానీ ఆ పోర్ట్‌లో ఎవరూ లేరు. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్‌డ్ అవుట్’ అని వస్తే దారిలో ఫైర్‌వాల్ మీ ప్యాకెట్లను పారేస్తుండవచ్చు. ఈ రెండిటికీ తేడా తెలిస్తే గంటలు మిగులుతాయి.

ఎన్‌జిన్‌ఎక్స్ ఇచ్చే నంబర్లూ అంతే. 502 వస్తే ఎన్‌జిన్‌ఎక్స్ బాగానే ఉంది, వెనక మీ ప్రోగ్రామ్ పడిపోయి ఉంది. 504 అయితే ప్రోగ్రామ్ ఉంది కానీ టైములోపు జవాబు ఇవ్వలేదు. 413 అయితే పంపిన ఫైల్ పెద్దదైంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో మార్చకపోతే ఉండే పరిమితి 1 ఎంబీ మాత్రమే. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ లేదు కాబట్టి కాటా చీటీ ఫోటో ఎంత పెద్దదైనా వెళ్లిపోయింది. గుమస్తా ఫోన్‌లో తీసిన ఫోటో 4 ఎంబీ ఉంటే లైవ్‌లో గేటు దగ్గరే ఆగుతుంది.

కంటైనర్లు నడిపే డాకర్ వాడేవాళ్లకు ఒక మాట. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. డేటాబేస్ పక్క కంటైనర్‌లో ఉంటే దాని సర్వీస్ పేరుతో పిలవాలి.

5. రెండు మెషీన్లనూ పక్కపక్కన పెట్టండి

ఆగిన చోటు తెలిశాక, ఆ చోట రెండు మెషీన్లకూ తేడా ఏమిటో కాగితం మీద రాయండి. ఆపరేటింగ్ సిస్టమ్, భాష వెర్షన్, లైబ్రరీల వెర్షన్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఏ యూజర్ పేరుతో నడుస్తోంది, ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోంది, టైమ్ జోన్, డేటాబేస్ వెర్షన్. గుర్తున్నది రాయకండి, రెండు చోట్లా కమాండ్ కొట్టి వచ్చింది రాయండి. ప్రోగ్రామ్ మొదలవగానే ఈ వివరాలన్నీ, పాస్‌వర్డ్‌లు తప్ప, లాగ్‌లో రాసేలా పెట్టుకుంటే తర్వాత చాలా సుఖం.

విండోస్ నుంచి లినక్స్‌కి వెళ్లినప్పుడు ముందు చూడాల్సింది ఫైల్ పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్‌కి కాదు. లోగో ఫైల్ పేరు పెద్ద ‘ఎల్’తో ఉండి కోడ్‌లో చిన్న ‘ఎల్’ రాస్తే ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, లైవ్‌లో 404 (ఫైల్ దొరకలేదు). మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టేబుల్ పేర్లకూ ఇదే కథ. పైగా విండోస్‌లో ఫైల్ పేరు కేస్ ఒక్కటే మారిస్తే గిట్ దాన్ని మార్పుగా గుర్తించకపోవచ్చు, అందుకని ‘గిట్ ఎంవీ’ కమాండ్‌తోనే మార్చండి.

విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరుసగా రాసిన ఫైల్) ఇంకో రకంగా విసిగిస్తుంది. ఫైల్ కళ్లముందే ఉంటుంది, లినక్స్ మాత్రం అలాంటి ఫైల్ లేదంటుంది. ప్రతి లైను చివరా విండోస్ పెట్టే కనపడని అక్షరం వల్ల స్క్రిప్ట్‌ను నడపాల్సిన ప్రోగ్రామ్ పేరు తప్పుగా చదువుతుంది. ఆ అక్షరాన్ని తీసేసే డాస్‌టుయూనిక్స్ నడిపితే సరిపోతుంది.

టైము దెబ్బ

మన డెల్టాలో ఈ తేడా అందరికంటే ముందు బయటపడుతుంది, ఎందుకంటే ఇక్కడ పని తెల్లవారకముందే మొదలవుతుంది. చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి రీడింగులు అప్పుడే తీస్తారు. ఆ వేళకి పట్టుబడి ఉంటే కాటా కూడా చీకట్లోనే. 12వ తేదీ తెల్లవారుజామున 4:30కి వేసిన బిల్లు, యూటీసీ సర్వర్ లెక్కలో 11వ తేదీ రాత్రి 11 గంటలది. తేదీని సర్వర్ నుంచి తీసుకునే ప్రోగ్రామ్ దాన్ని నిన్నటి మొత్తంలో కలిపేస్తుంది. 5:30 తర్వాత వేసినవి సరిగ్గానే వస్తాయి. అందుకే వ్యాపారి "కొన్ని బిల్లులు మాయమవుతున్నాయి" అంటాడు. మాయం కాలేదు, నిన్నటి పేజీలో ఉన్నాయి. మీరు ల్యాప్‌టాప్‌లో పగలు టెస్ట్ చేసినన్నాళ్లూ ఇది కనపడదు.

సరిచేయడానికి సర్వర్ గడియారాన్ని ఇండియా టైముకి మార్చేయాలనిపిస్తుంది. నేనైతే మార్చను. ఆ సర్వర్ మీద ఆధారపడ్డ మిగతా పనులన్నీ కదులుతాయి, రేపు సర్వర్ మారితే సమస్య మళ్లీ వస్తుంది. డేటాబేస్‌లో యూటీసీలోనే ఉంచి, చూపించేటప్పుడూ, ‘ఈ రోజు’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్కగట్టేటప్పుడూ ఏషియా–కోల్‌కతా జోన్‌కి మార్చుకోవాలి. క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు తనంతట తానే నడిపేది) పెట్టిన పనులూ చూడండి. రాత్రి 11కి అని పెట్టిన బ్యాకప్, యూటీసీ సర్వర్‌లో మనకు సరిగ్గా తెల్లవారుజామున 4:30కి మొదలవుతుంది. రోజూ అదే వేళకి సిస్టమ్ నత్తనడక నడుస్తోందంటే కారణం ఇదే కావచ్చు.

తెలుగు దెబ్బ

తెలుగు పాడయ్యే తీరు మూడు రకాలు, ఒక్కోదానికీ కారణం వేరు.

పేరు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే, డేటాబేస్‌లోకి వెళ్లే దారిలోనే అక్షరాలు పోయాయి. అవి తిరిగి రావు, మళ్లీ కొట్టించాల్సిందే. మై ఎస్‌క్యూఎల్ 8.0లో మామూలుగా ఉండే అక్షరాల సెట్ యూటీఎఫ్8ఎంబీ4. 5.7 వరకూ అది తెలుగు పట్టని లాటిన్1. ల్యాప్‌టాప్‌లో 8.0, సర్వర్‌లో పాత 5.7 ఉంటే దెబ్బ అక్కడే. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను ఒప్పుకోని సెట్టింగు) ఉంటే ప్రశ్నార్థకాలు కూడా రావు, తెలుగు పేరున్న బిల్లు సేవ్ కాకుండా ఎర్రర్ ఇస్తుంది. పైన ఫోన్ చేసిన గుమస్తాకు జరిగింది ఇదే. టేబుళ్లనూ, కనెక్షన్‌నూ కూడా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి. టేబుల్ మార్చి కనెక్షన్ మర్చిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇంగ్లీషు అక్షరాల మీద కొమ్ములు మొలిచినట్టు చెత్తచెత్తగా కనిపిస్తే, డేటా చాలావరకు క్షేమం. రాసింది యూటీఎఫ్-8లో, చదివింది ఇంకోలా. సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు తరచూ ఇదే వస్తుంది. ఫైల్ మొదట్లో, ఇది యూటీఎఫ్-8 అని చెప్పే బీఓఎం గుర్తు పెట్టి పంపితే అకౌంటెంట్ ఫోన్లు తగ్గుతాయి.

చతురస్రాలు వస్తే డేటా బంగారంలా ఉంది, ఫాంట్ లేదు. విండోస్‌తో తెలుగు ఫాంట్ వస్తుంది. చిన్న లినక్స్ ఇమేజ్‌లో అలాంటిదేమీ ఉండదు, కాబట్టి పీడీఎఫ్‌లో రైతు పేరు బదులు డబ్బాలు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ను ప్రోగ్రామ్‌తోపాటే పంపండి. ఫాంట్ పెట్టాక వత్తులు కిందికి చేరకుండా పక్కన విడిగా పడుతుంటే, మీ పీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. లైబ్రరీ మార్చడమే మేలు, దానితో కుస్తీ పట్టకండి.

కాలమ్ పొడవు కూడా చూడండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు. ‘రాజమహేంద్రవరం’లో గుణింతాలు, వత్తులు విడదీసి లెక్కిస్తే 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. పొడవును బైట్లలో కొలిచే డేటాబేస్‌లో 20 పెట్టిన కాలమ్‌లో అది పట్టదు.

మిగిలిన తేడాలు

క్రాన్‌లో పెట్టిన స్క్రిప్ట్ చేత్తో నడిపితే నడుస్తుంది, తనంతట తాను నడవదు. క్రాన్‌కి మీ లాగిన్ సెట్టింగులేవీ తెలియవు, పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా చాలా చిన్నది. ఫైల్ దారులన్నీ పూర్తిగా రాయండి. ప్రోగ్రామ్ నడిపే యూజర్‌కు ఆ ఫోల్డర్‌లో రాసే హక్కుందో లేదో, ఆ యూజర్‌గా మారి చూడండి. మీ అడ్మిన్ లాగిన్‌తో చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

చెరువు లొకేషన్, కెమెరా వాడే పేజీ ల్యాప్‌టాప్‌లో నడిచి గట్టు మీద ఫోన్‌లో నడవకపోతే అడ్రస్ చూడండి. బ్రౌజర్లు ఈ రెండిటినీ హెచ్‌టీటీపీఎస్ ఉన్నచోటే ఇస్తాయి. లోకల్‌హోస్ట్‌కి మినహాయింపు ఉంది, అందుకే మీకు నడిచింది. పైథాన్ వాళ్లు వాడే జాంగోలో డీబగ్ తీసేయగానే 400 వస్తే అలౌడ్ హోస్ట్స్ అనే సెట్టింగులో మీ డొమైన్ పేరు లేదు. పేజీ వచ్చి రంగులు, బొమ్మలు రాకపోతే స్టాటిక్ ఫైళ్లు ఇచ్చే ఏర్పాటు చేయలేదు. జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్‌లో అయితే డెవలప్‌మెంట్ లైబ్రరీల జాబితాలో పెట్టిన ప్యాకేజీని అసలు కోడ్ వాడుతోందేమో చూడండి, ప్రొడక్షన్ ఇన్‌స్టాల్‌లో అది రాదు.

6. అన్నీ ఒకటే, అయినా పడిపోతోందా?

అప్పుడు మిగిలిన తేడాలు డేటా, రద్దీ. మీ దగ్గర యాభై బిల్లులుంటాయి, మిల్లు దగ్గర ఎన్నో సార్వాల, దాళ్వాల లెక్కలుంటాయి. యాభైలో వెతకడానికి ఇండెక్స్ (పుస్తకం వెనక ఉండే సూచిక లాంటిది) అక్కర్లేదు. లక్షల్లో వెతికేటప్పుడు అది లేకపోతే పేజీ తిరుగుతూనే ఉంటుంది. నెమ్మదిగా ఉన్న క్వెరీకి ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ పెట్టి నడపండి, టేబుల్ మొత్తం చదువుతోందో లేదో చెప్తుంది. లైవ్ డేటా కాపీ తెచ్చుకుని ల్యాప్‌టాప్‌లో నడిపితే చాలావరకు బయటపడుతుంది. కాపీలో రైతుల ఫోన్, ఆధార్, బ్యాంకు నంబర్లు మార్చేశాకే తెచ్చుకోండి.

ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ లేకుండా చచ్చిపోయి 137 అనే నంబర్ వదిలితే, ఎవరో బలవంతంగా ఆపారని అర్థం. చాలాసార్లు అది మెమరీ చాలక లినక్స్ చేసే పని. డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే ఆపిన ప్రోగ్రామ్ పేరుతో సహా ఉంటుంది.

రద్దీ సమస్యలో నాకు బాగా భయం వేసేది బిల్లు నంబరు. చివరి నంబరు చదివి ఒకటి కలిపే కోడ్, మీరొక్కరే టెస్ట్ చేసినన్నాళ్లూ తప్పు చేయదు. రెండు చెరువుల దగ్గర రెండు కాటాలు ఒకే క్షణంలో బిల్లు కొడితే ఇద్దరికీ ఒకే నంబరు వెళ్తుంది. నంబరు ఇచ్చే పని డేటాబేస్‌కే వదిలేసి, ఆ కాలమ్‌కి యునీక్ షరతు (ఒకే నంబరు రెండుసార్లు రాకూడదని) పెట్టండి. ఈ రకం తప్పులు అడిగినప్పుడు రావు, అందుకని పది రిక్వెస్టులు ఒకేసారి పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకుని రప్పించాలి.

7. ఒక్కటే మార్చండి, చూడండి

అనుమానాలు మూడున్నా మార్పు ఒక్కటే చేయండి. టెన్షన్‌లో మూడూ ఒకేసారి మార్చి బాగయిందనుకుంటే, ఏది మందో ఏది అనవసరమో తెలియదు. బాగయిందని చెప్పే ముందు, ఆగిన చోటే ఆ పని మళ్లీ చేసి చూడండి. ఆఫీసు వైఫైలో కాకుండా మొబైల్ డేటా మీద, గుమస్తా వాడే లాంటి ఫోన్‌లో, ఆయన కొట్టిన అదే పేరుతో. పాత పేజీ బ్రౌజర్ దాచుకుని చూపిస్తోందేమో కూడా సరిచూసుకోండి.

చివరగా, వెతికేటప్పుడు మీరు తెరిచినవన్నీ మూసేయండి. డేటాబేస్ పోర్ట్‌ను ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఫైర్‌వాల్‌లో మళ్లీ కట్టేయండి. పర్మిషన్ సమస్యేమో అని ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చి ఉంటే తీసేసి, అవసరమైన యూజర్‌కే ఇవ్వండి. డీబగ్ మోడ్ ఆన్ చేసి ఉంటే ఆపండి, అది ఎర్రర్ పేజీలో మీ సెట్టింగులు చాలావరకు ఊరందరికీ చూపించవచ్చు. లాగ్ స్థాయి పెంచి ఉంటే తగ్గించండి. లేకపోతే కొన్నాళ్లకి డిస్కు నిండి, ఈసారి నిజంగానే "ఏమీ మార్చలేదండి, దానంతటదే ఆగిపోయింది" అని ఫోన్ వస్తుంది.